అరచేతిలో అంబాసిడర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ పేజీలో కార్ల స్కేల్ మోడల్ కిట్ల (అసలు కారును లెక్క ప్రకారం చిన్నది చేసి, మనమే అతికించుకునేలా ముక్కలుగా ఇచ్చే డబ్బాల) గురించి నాలుగు మాటలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో సగానికి పైగా రంగు చెడిపోయిందన్న ఫిర్యాదులే. అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. కిట్‌తో వచ్చే సూచనల కాగితం రాసినవారికి మన సీమ మే నెల తెలియదు. అందువల్ల రంగు సంగతి కాస్త విపులంగానూ, మిగిలినవి అవసరమైన మేరకూ రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పుట్టినరోజుకు వాళ్ల మామ బెంగళూరు నుంచి జపాన్ కంపెనీ కిట్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. డబ్బా మీద 1:24 అని ఉంది. తెరిచి చూస్తే అన్నీ ముక్కలే. భయమేసి మూసి అటక మీద పెట్టాం. ఏమేం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మూసి పెట్టడం ఒక విధంగా మంచిదే అయింది. చాలామంది డబ్బా తెరిచిన ఉత్సాహంలో ఆ సాయంత్రమే ముక్కలన్నీ వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం నుంచి తుంచేసి, ఆ తరువాత ఏది ఎక్కడిదో తెలియక తల పట్టుకుంటారు. ప్రతి ముక్క పక్కనా చట్రం మీద ఒక అంకె ఉంటుంది. తుంచిన మరుక్షణం ఆ ఆనవాలు పోతుంది. అయితే అటక మీద మాత్రం వద్దు. వేసవిలో రేకు కిందా, డాబా కిందా అటక ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు; పలచని ముక్కలు వంగిపోతాయి.

1:24 అంటే అసలు కారులో 24 సెంటీమీటర్లున్నది మోడల్‌లో ఒక సెంటీమీటరు అవుతుంది. అడుగులు, అంగుళాలు వాడే దేశాల్లో అడుగుకు అర అంగుళం అన్న లెక్క ఇది. అమెరికా కిట్లు ఎక్కువగా 1:25లో వస్తాయి కాబట్టి, రేపు మీ వాడు రెండు దేశాల కార్లను పక్కపక్కన పెట్టి ఒకటి చిన్నగా ఉందేమని అడిగితే అది మీ పొరపాటు కాదని చెప్పండి.

మొదటి పని అతికించడం కాదు, కడగడం. అచ్చు నుంచి ముక్క సులువుగా ఊడి రావడానికి కర్మాగారంలో వాడే జిడ్డు కొంత ముక్కల మీద మిగిలిపోతుంది. అది ఉన్నచోట రంగు పట్టదు. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో చట్రాలను ముంచి, మెత్తని బ్రష్‌తో రుద్ది, నీడలో ఆరబెట్టండి.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. చిన్న సైడ్ కట్టర్, పదునైన బ్లేడు కత్తి, సన్నని ఆకురాళ్లు, పట్టకారు, 400 నుంచి 2000 నంబరు వరకు ఉప్పుకాగితం ఉంటే చాలు. వీటికోసం విదేశీ సంస్థల పేర్లు వెతకనక్కరలేదు. కంసాలులకు పనిముట్లు అమ్మే అంగళ్లలో, ముఖ్యంగా బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో, సూది ఆకురాళ్లు, సన్నమొన పట్టకార్లు, చేత్తో తిప్పే డ్రిల్లు, నగల రంపం అన్నీ దొరుకుతాయి. నా బల్ల మీదున్న పట్టకారు అలా కొన్నదే, ఇరవై ఏళ్లుగా దాని మొన వంగలేదు.

ముక్కను చట్రం నుంచి వేరు చేసేటప్పుడు ముక్కకు ఆనించి కత్తిరించకూడదు. మొదట రెండు మిల్లీమీటర్ల కాడ వదిలి కత్తిరించి, ముక్క చేతికి వచ్చాక ఆ కాడను రెండోసారి కొద్దిగా ఎడంగా కోసి, మిగిలిన మొటిమను ఉప్పుకాగితంతో అరగదీయాలి. ఒకే దెబ్బకు కోస్తే కాడతో పాటు ముక్కలోంచి చిన్న పెచ్చు లేచిపోతుంది, కోసినచోట ప్లాస్టిక్ తెల్లబడుతుంది.

ఇక జిగురు. ఈ ముక్కలు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌వి. దానికి వాడే పలచని సిమెంటు నిజానికి జిగురు కాదు, ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావకం. రెండు అంచులనూ కరిగించి ఒకదానిలో ఒకటి కలిసిపోయేటట్టు చేసి తాను ఆవిరైపోతుంది. రెండు ముక్కలనూ పొడిగానే ఆనించి పట్టుకుని సందు దగ్గర బ్రష్ మొన తాకిస్తే, వత్తి నూనెను పీల్చినట్టు ఆ సందే ద్రవాన్ని లాక్కుంటుంది. మీ వేలు ఆ సందు మీద ఉంటే ద్రవం వేలికిందికి కూడా పాకి, మీ వేలిముద్ర ఆ కారు మీద శాశ్వతంగా నిలిచిపోతుంది. రంగు వేసినచోట, క్రోమ్ పూత ఉన్నచోట ఈ సిమెంటు పనిచేయదు. అతికే భాగంలో ఆ పూతను ముందుగా గీకేయాలి.

సూచనల కాగితంలో ఇంజనుతోనో, అడుగు చట్రంతోనో పని మొదలవుతుంది. ఆ వరుస తప్పు కాదు గానీ, నేను బాడీకి ముందు రంగు వేయిస్తాను. రంగు గట్టిపడటానికి వారం పడుతుంది, ఆ వారంలో మిగిలిన పనులన్నీ చేసుకోవచ్చు. అబ్బాయి వయసును బట్టి కత్తి పట్టేటప్పుడూ, సిమెంటు సీసా మూత తీసేటప్పుడూ మీరు పక్కన కూర్చోవాలి, కిటికీ తెరిచి ఉండాలి.

ప్రశ్న: మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం డాబా మీద బాడీకి ఎర్ర రంగు స్ప్రే చేశాను. ఎండకు త్వరగా ఆరుతుందనుకున్నాను. ఇప్పుడు పైకప్పు మీద వేలు పెడితే గరగరలాడుతోంది, తలుపుల దగ్గర నారింజ తొక్కలా ఉంది, బానెట్ మీద ఒక వెంట్రుక అతుక్కుపోయింది. ఈ బాడీని పారేయవలసిందేనా?
— బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: పారేయవద్దు. మీరు చెప్పినవి మూడు వేర్వేరు లోపాలు, మూడింటికీ మూలం ఆ మధ్యాహ్నమే.

డబ్బాలోంచి రంగు పొగలా వచ్చినా అవి సన్నని తడి బొట్లు. అవి బాడీని చేరేసరికి ఇంకా తడిగా ఉండాలి, అప్పుడే ఒకదానిలో ఒకటి కలిసి అద్దంలా పరుచుకుంటాయి. కర్నూలు మే మధ్యాహ్నం 42 డిగ్రీలున్నప్పుడు, కాలు పెట్టలేని డాబా సిమెంటు మీద, బొట్టులోని ద్రావకం దారిలోనే ఆవిరైపోయి రంగు పొడిపొడిగా పడుతుంది. మీ పైకప్పు గరుకుదనం అదే. తలుపుల దగ్గర మీరు బహుశా డబ్బాను కొంచెం దగ్గరగా పెట్టి ఉంటారు. అక్కడ రంగు సగం తడిగా చేరింది గానీ పరుచుకునేలోపే పైన పొర కట్టింది, కాబట్టి గుంటలు పడ్డాయి. వెంట్రుక సంగతి వేరు. పొడిగాలిలో పాలిస్టైరీన్‌ను గుడ్డతో తుడిస్తే దానికి స్థిరవిద్యుత్తు పట్టి, దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టు దుమ్మునూ నూగునూ లాక్కుంటుంది. మన ప్రాంతపు గాలిలో తేమ తక్కువ కాబట్టి ఈ బాధ మనకు ఎక్కువ.

ఇంకొక మాట. స్ప్రే డబ్బాలను 50 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచరాదని వాటి మీదే రాసి ఉంటుంది. చలి దేశాలవారు డబ్బాను వేడినీళ్లలో పెట్టి వాడమని సలహా ఇస్తారు. మనం ఆ సలహాను చదివి మరిచిపోవాలి. ఎండలో పెట్టిన డబ్బా పేలగలదు.

ముందు ఈ బాడీని బాగుచేద్దాం. వారం రోజులు దాన్ని ముట్టుకోకండి. తరువాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి; టిన్నర్ వాసన ఏమాత్రం వచ్చినా లోపల ఇంకా పచ్చిగా ఉందన్నమాటే. వాసన పూర్తిగా పోయాక, కార్ల పెయింటింగ్ షెడ్లలో వాటర్ పేపర్ అనే నల్లని ఉప్పుకాగితం 1500 నంబరుది తీసుకుని పావుగంట నీళ్లలో నానబెట్టి, సబ్బు చుక్క వేసి, ఒకే దిశలో చాలా తేలికగా రుద్దండి. రుద్దేది వేలితో కాదు, చిన్న రబ్బరు ముక్కకు కాగితం చుట్టి. మెరుపు పోయి అంతా ఒకే రకంగా మసకబారేవరకు రుద్దాలి. మెరిసే చుక్కలు కనబడుతున్నాయంటే అవి ఇంకా గుంటలేనని అర్థం. తలుపు గీతల అంచులూ, బానెట్ మడతలూ ముందే అరుగుతాయి. అక్కడ రంగు లేచి ప్లాస్టిక్ కనబడితే మళ్లీ మొదటికి వస్తుంది, కాబట్టి ఆ అంచుల మీద సన్నని టేపు అంటించి పని మొదలుపెట్టండి. వెంట్రుక కూడా ఈ రుద్దుడులోనే పోతుంది. గోటితో పీకారంటే దాని కింద కాలువ మిగులుతుంది. తరువాత 2000 నంబరు కాగితంతో రుద్ది, కడిగి, ఆరనిచ్చి, తెల్లవారుజామున ఒక్క తడి పూత వేయండి. అదీ చక్కగా గట్టిపడ్డాక మెరుపు తెప్పించే లేపనమైన రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తని గుడ్డ మీద తిప్పితే, మీ గదిలోని ట్యూబ్‌లైటు పైకప్పులో వంకర లేకుండా కనిపిస్తుంది.

అరగదీసినా లొంగనంత మందంగా రంగు పడి ఉంటే, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాడీని ఒక రోజు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మోడల్ రంగుల్లో చాలావరకు ఊడిపోతాయి. ముందుగా చట్రం ముక్క మీద అదే రంగు వేసి, అదే ఆల్కహాల్‌తో పరీక్షించుకోవడం మరవకండి. దాన్ని మంట దగ్గర పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇకముందు రంగు వేసే వేళ ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర లోపు. డాబా వద్దు, గాలి ఆడే వరండాలో నేల మీద నీళ్లు చల్లి, దుమ్ము అణిగాక వేయండి. ఖాళీ నీళ్ల సీసా మూతికి టేపు చుట్టి బాడీని దాని మీద బోర్లించి నిలబెడితే, సీసాను పట్టుకుని అన్నివైపులా తిప్పవచ్చు. రంగు వేయబోయే ముందు పొడిగుడ్డతో తుడవకండి, తడిచేసి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి అద్దండి. డబ్బా మీద 25 సెంటీమీటర్ల దూరం అని ఉన్నా, వేసవిలో నేను 15 దగ్గరే పట్టుకుంటాను. మొదటి పూత మంచు పడినట్టు, రంగు సరిగా కమ్మకుండానే ఉండాలి. పది నిమిషాల తరువాత రెండోది. ఆ పైన మాత్రమే తడిపూత. బాడీకి ముందు నుంచి మొదలుపెట్టి వెనుక దాటాకే వేలు తీయాలి. బాడీ మీద స్ప్రే మొదలుపెట్టినా, ఆపినా అక్కడ మచ్చ పడుతుంది. వేసిన వెంటనే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లించండి, కింద రెండు అగ్గిపుల్లలు పెట్టి ఆవిరి పోయే సందు వదలండి.

ఎరుపు గురించి ఒక ముక్క. ఎర్ర రంగుకు కింది పూతను దాచే శక్తి తక్కువ. బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద అది ఎండిన మిరపకాయలాగా, తెల్ల ప్రైమర్ మీద పండు మిరపకాయలాగా వస్తుంది. ఏది కావాలో ముందే నిర్ణయించుకోండి. తిరగేసి, కిట్ ప్లాస్టిక్కే ఎరుపైతే దాని మీద వేసిన తెలుపు కొన్నాళ్లకు గులాబీరంగుకు తిరుగుతుంది. మధ్యలో వెండిరంగు పూత ఒకటి అడ్డువేస్తే ఆ ఎరుపు పైకి రాదు.

వానాకాలంలో కథ మారుతుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలోని తేమను పట్టుకోవడం వల్ల లాకర్ రంగులు (టిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగులు) పాలు కలిపినట్టు తెల్లబారతాయి. ముసురు పట్టిన రోజున రంగు జోలికి పోకపోవడమే మందు.

ప్రశ్న: నేను పెనుకొండ దగ్గర కియా ప్లాంటుకు విడిభాగాలు ఇచ్చే ఒక యూనిట్‌లో పనిచేస్తున్నాను. గీతలు పడితే పూసే అసలు కారు టచప్ రంగు చిన్న సీసా దొరికింది. దాన్నే మోడల్‌కు వాడితే అచ్చం అసలు రంగే వస్తుంది కదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రంగు అదే వస్తుంది, కారు మాత్రం అలా కనిపించదు. మెటాలిక్ రంగులో అల్యూమినియం పలుకులుంటాయి. ఒక పలుకు 20 మైక్రాన్లున్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 1:24 మోడల్ మీద అది అసలు కారు మీద అర మిల్లీమీటరు పలుకుతో సమానం. మొదట వచ్చిన కియా సెల్టోస్ కారు పొడవు 4.3 మీటర్ల పైచిలుకు. 18 సెంటీమీటర్ల బొమ్మ మీద అదే రంగు వేస్తే జాతరలో అమ్మే మెరుపుకాగితంలాగా ఉంటుంది. మెటాలిక్ కాని రంగులైతే నిరభ్యంతరంగా వాడవచ్చు, ఒక షరతు మీద.

ఆ షరతు నాకు అనుభవం మీద తెలిసింది. కొత్తలో నేను ఒక బాడీని తీసుకెళ్లి మా వీధిలోని పెయింటింగ్ షెడ్డులో ఇచ్చి, పెద్ద బండికి వేస్తున్న తెలుపే దీనికీ కొట్టమన్నాను. ఆయన మంచి పనివాడే, కానీ లోహానికి అలవాటుపడ్డ చేయి, ఎన్.సి. టిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగులను పలచన చేసే ఘాటైన ద్రావకం) ధారాళంగా కలిపి ఒక్క ఊపులో తడిపేశాడు. సాయంత్రానికి తలుపు గీతలు పూడుకుపోయాయి, పైకప్పు ఎండిన చెరువులాగా నెర్రెలిచ్చింది. ఎన్.సి. టిన్నర్ పాలిస్టైరీన్‌ను తినేస్తుంది. కాబట్టి ముందు మోడల్ ప్రైమర్ రెండు పూతలు వేసి, రెండు రోజులు ఆగి, ఆ తరువాత కారు రంగును చాలా పలచగా, ప్రతి పూత ఆరాకే మరొకటిగా వేయాలి. ఎన్.సి. పుట్టీకి కూడా ఇదే జాగ్రత్త. మందంగా పూస్తే కింది ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ప్రశ్న: కారు అంతా బాగా వచ్చింది. నిలబెడితే మూడు చక్రాలే నేలకు ఆనుతున్నాయి, నాలుగోది గాలిలో ఉంది.
— కళాశాల విద్యార్థి, కడప

జవాబు: కడపలో ఉండి ఈ ప్రశ్న అడిగారు! మీ వంటింట్లో పాలిష్ పట్టిన కడప బండ ఉంటుంది. మోడల్ పనికి అంతకంటే సమతలమైన బల్ల కొనుక్కున్నా దొరకదు. ఇరుసులు అతికించి సిమెంటు ఇంకా మెత్తగా ఉండగానే నాలుగు చక్రాలూ తాత్కాలికంగా తొడిగి, అడుగు చట్రాన్ని బండ మీద నిలబెట్టి, పైన రెండు అగ్గిపెట్టెలంత బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఇప్పటికే గట్టిపడిపోయింది కాబట్టి మీరు చేయవలసింది: ఒక్కో చక్రం కింద పలచని కాగితం పెట్టి లాగి చూడండి, కాగితం సులువుగా వచ్చే చక్రమే పైకి ఉన్నది. ఆ ఇరుసు అతుకు దగ్గర సిమెంటు మళ్లీ తాకించి, మెత్తబడ్డాక సరిచేసి బండ మీద నిలబెట్టండి. చట్రమే మెలి తిరిగి ఉంటే చేయి పట్టగలిగినంత వేడినీళ్లలో అర నిమిషం ముంచి, బండ మీద అదిమి చల్లారనివ్వండి. మరిగే నీళ్లు వాడకండి, అసలు ఆకారమే పోతుంది.

ప్రశ్న: మా నాన్న ముప్పై ఏళ్లు టాక్సీ నడిపారు. తెల్ల అంబాసిడర్. బండి అమ్మేశాం, నాన్న లేరు. దాని మోడల్ చేసి ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. కిట్ దొరకడం లేదు. నాలుగు ఫొటోలు మాత్రం ఉన్నాయి.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కిట్ కోసం ఆగకండి, ఇది చేత్తో మొదటినుంచీ చేయవలసిన పని, చేయగలిగిన పని కూడా. ఏడాది పట్టవచ్చు.

అంబాసిడర్ మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. 1950ల చివరి నుంచి 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారైంది. పైకి ఒకేలా ఉన్నట్టనిపించినా మార్క్ 2, 3, 4, నోవా అంటూ ముందు జాలీ, లైట్లు మారుతూ వచ్చాయి. మీ ఫొటోలతో ముందు ఆ బండి ఏదో తేల్చుకోండి. తరువాత మీ ఊళ్లోనో, చుట్టుపక్కలో అదే రకం బండి ఒకటి ఇంకా ఏ షెడ్డులోనో నిలిచి ఉంటుంది, దాన్ని వెతకండి. పక్కనుంచి ఫొటో తీసేటప్పుడు దగ్గరికి వెళ్లకుండా, పది మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయాలి. దగ్గరనుంచి తీస్తే మధ్య తలుపులు ఉబ్బి, ముందూ వెనకా కుంచించుకుపోతాయి, ఆ ఫొటోతో గీసిన బొమ్మ అంబాసిడర్‌లా ఉండదు.

ఇరుసుకూ ఇరుసుకూ మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. ఫొటోను ఆ దూరం 102.7 మిల్లీమీటర్లు వచ్చేటట్టు ముద్రించుకుంటే 1:24 నకలు సిద్ధమైనట్టే. ఇక ప్రతి కొలతా దాని మీద స్కేలు పెట్టి తీసుకోవచ్చు. మొత్తం పొడవు 4,325, వెడల్పు 1,662 మిల్లీమీటర్లు కాబట్టి మీ మోడల్ 18 సెంటీమీటర్ల పొడవు, ఏడు సెంటీమీటర్లకు కొద్దిగా తక్కువ వెడల్పు ఉంటుంది.

బాడీకి నేనైతే చెక్క అచ్చుతో మొదలుపెడతాను. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి లాంటి మెత్తని చెక్కను, ప్లాస్టిక్ మందం మేరకు కొంచెం చిన్నదిగా చెక్కి, లప్పం పూసి, గాజులాగా నునుపు చేయాలి. దాని మీద మిల్లీమీటరు మందం పాలిస్టైరీన్ షీటును వేడిచేసి సాగదీసి కప్పి, వాక్యూమ్ క్లీనర్‌తో కిందినుంచి గాలి లాగితే షీటు అచ్చుకు అంటుకుపోతుంది. మొదటి రెండు మూడు షీట్లు చిరుగుతాయి, నిరాశపడకండి. కిటికీలు కోయడం ఆ తరువాత. అంబాసిడర్ అందమంతా వెనక చక్రం మీది ఆ బొద్దు వంపులో ఉంది. చెక్కలో అది కుదిరేవరకు షీటు జోలికి వెళ్లవద్దు. చక్రాల రిమ్ములు లేత్ షాపులో అల్యూమినియంతో తిప్పించవచ్చు. 15 అంగుళాల రిమ్ము మీకు 16 మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ అవుతుంది. బంపర్ల మెరుపుకు చాక్లెట్ చుట్టిన పలచని రేకు వాడి, గుండ్రని పుల్లతో ఒత్తండి.

తెలుపును డబ్బాలోంచి వచ్చింది వచ్చినట్టు వేయకండి. ఒక చుక్క బూడిదరంగు, అరచుక్క పసుపు కలిపితే ఎండలో తిరిగిన బండి తెలుపు వస్తుంది. మీ ఫొటోల్లో ఒకదానిలో ముందు బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయని రాశారు. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ 1:24లో 1.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఆవగింజంత. ఒక ఆవగింజకు పసుపు రంగు వేసి నల్లదారానికి అంటించండి.

ప్రశ్న: పదేళ్ల క్రితం చేసిన కార్లను బీరువాలోంచి తీస్తే టైర్లు రిమ్ములకు అతుక్కుపోయి, లాగితే రిమ్ము అంచు కరిగి ఉంది. ఎండ తగలనే లేదు.
— రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: తప్పు మీది కాదు. మెత్తని వినైల్ టైర్లలో, వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఉంటుంది. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా బయటికి ఊరి, ఆనుకున్న పాలిస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది. వేడి ఎక్కువైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఎండ తగలకపోయినా గుంతకల్లు బీరువా చాలు. చెడిన రిమ్ము అంచును పుట్టీతో నింపి సరిచేసుకోవాలి. ఇకమీదట టైరు తొడిగే ముందు రిమ్ము మీద పలచని రేకు గానీ, పైపుల మరలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు గానీ ఒక చుట్టు వేయండి. కట్టని కిట్లున్న డబ్బాల్లో కూడా టైర్లు అద్దం ముక్కలకు తగలకుండా విడి సంచిలో పెట్టండి.

మీ ఉత్తరం చివర 1:43 అన్న వింత కొలత ఎక్కడిదని అడిగారు. అది మీ శాఖదే. బ్రిటన్‌లో ‘O’ గేజ్ అనే కొలత బొమ్మ రైళ్లకు అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్క వాడేవారు. ఆ రైళ్ల పక్కన పెట్టడానికి చేసిన కార్లు అదే కొలతలో వచ్చాయి.

ప్రశ్న: ఫెవిక్విక్‌తో ముందు అద్దం అతికించాను. పొద్దున చూస్తే అద్దమంతా పొగ పట్టినట్టు తెల్లగా ఉంది.
— ఇంజనీరింగ్ విద్యార్థిని, ఆదోని

జవాబు: ఆ జిగురు ఆవిరి, అద్దం మీది వేలిముద్రల మీద పేరుకుని గట్టిపడుతుందమ్మా. పోలీసులు వేలిముద్రలను బయటపెట్టడానికి ఇదే ఆవిరిని వాడతారు, మీరు తెలియకుండా ఆ పరీక్ష చేశారు. టూత్‌పేస్టుతో మెత్తగా రుద్దితే చాలామటుకు పోతుంది. అద్దాలకు ఎప్పుడూ తెల్ల ఫెవికాల్ వాడండి. ఆరాక పారదర్శకమవుతుంది, పొరపాటున అంటినా తడిగుడ్డతో తుడిచేయవచ్చు.

ప్రశ్న: అదే కిట్ జపాన్ ధరకూ మన ధరకూ ఇంత తేడా ఎందుకు?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: స్కేల్ మోడళ్లు కస్టమ్స్ లెక్కలో బొమ్మలతో పాటు ఒకే శీర్షిక కింద వస్తాయి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దాని మీద పన్నులు, రవాణా, అమ్మేవారి లాభం. స్ప్రే డబ్బాలను విమానంలో పంపనివ్వరు కాబట్టి రంగులు ఇక్కడే కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: మా ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. రిటైరు కాగానే బొమ్మ కార్లు మొదలుపెట్టారు. దాని గురించి నాకు బాధ లేదు, ఊరికే కూర్చోవడం కంటే నయమే. కానీ ఇల్లంతా టిన్నర్ వాసన. రెండేళ్ల మనవడు ఉన్నాడు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, కర్నూలు

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనదమ్మా, ఈ ఉత్తరాల్లో అన్నిటికంటే ముందు జవాబు చెప్పవలసినది ఇదే. లాకర్ రంగులు, టిన్నర్, సిమెంటు ఆవిరి పసివాడికి మంచిది కాదు, ఆయనకూ మంచిది కాదు. ముక్కుకు కట్టుకునే గుడ్డ, ఆసుపత్రి మాస్కు ఆవిరిని ఆపలేవు; కార్ల రంగుల అంగళ్లలో బొగ్గు డబ్బా ఉన్న మాస్కు దొరుకుతుంది, అది కొనిపించండి. స్ప్రే పని ఇంట్లో కాదు, వరండాలో, ఉదయం పూట మాత్రమే అని గట్టిగా చెప్పండి. ఇంట్లో చేతి బ్రష్ పనికి నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులు ఉన్నాయి, వాటి వాసన చాలా తక్కువ. ఉప్పుకాగితం పని తడిగా చేస్తే దుమ్ము లేవదు. కత్తులు, సీసాలు, చిన్న ముక్కలు తాళం వేసే డబ్బాలో ఉండాలి. మనవడికి స్టీరింగ్ చక్రం కూడా పప్పుగింజలాగే కనిపిస్తుంది.

ఇంకొకటి, మీరు రాయకపోయినా చెబుతున్నాను. టిన్నర్ ఆవిరి గాలికంటే బరువైనది, నేలవెంబడి పాకి మంటను వెతుక్కుంటుంది. ఆయన బల్ల హాల్లో ఉందని రాశారు. సీసా మూత తెరిచి ఉన్నంతసేపూ పొయ్యి వెలిగించకండి. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తీ వెలిగే వేళకు ఆయన పని ఆపాలి, లేదా దేవుడి గదికీ ఆ బల్లకూ మధ్య మూసి ఉన్న తలుపు ఒకటైనా ఉండాలి.